నవ్వొద్దన్న చోట నవ్వించిన గ్రాహం గ్రీన్

'ద గ్రీన్ మైల్' చూసిన వాళ్ళని, ఆ సినిమాలో మొదట కరెంటు కుర్చీ ఎక్కిన ఖైదీ ఎవరని అడిగితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. టామ్ హ్యాంక్స్ గుర్తుంటాడు, జాన్ కాఫీ గుర్తుంటాడు, ఆ ఎలుక కూడా గుర్తుంటుంది. మొదట వెళ్ళేది ఆర్లెన్ బిటర్‌బక్ అనే అమెరికా మూలవాసి ఖైదీ, ఆ వేషం వేసింది గ్రాహం గ్రీన్. చావుకి ముందు జైలు అధికారిని ఒక మాట అడుగుతాడు: మనిషి చేసిన తప్పుకి మనసారా పశ్చాత్తాపపడితే, తన బతుకులో అన్నిటికన్నా సంతోషంగా ఉన్న రోజులకి తిరిగి వెళ్ళి అక్కడే ఉండిపోనిస్తారా, స్వర్గమంటే అదేనా అని. అలా అడిగి, పెళ్ళైన కొత్తలో భార్యతో కొండల్లో గడిపిన తొలి వేసవి గురించి రెండు ముక్కలు చెప్తాడు. అంతే, పాత్ర అయిపోతుంది. గొంతు పెంచడు, కళ్ళనీళ్ళు పెట్టుకోడు, అయినా మూడు గంటల సినిమాలో మరణశిక్ష అంటే ఏమిటో ప్రేక్షకుడికి మొదటిసారి తగిలేది అక్కడే. ఆ కుర్చీలో చనిపోతున్నది ఒక జ్ఞాపకం ఉన్న మనిషి అని ఆ కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది కాబట్టి, తర్వాత వచ్చే ప్రతి శిక్షా ఇంకాస్త బరువెక్కుతుంది.

గ్రీన్ 2025 సెప్టెంబర్ 1న కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో 73 ఏళ్ళ వయసులో చనిపోయారు. ఇంగ్లిష్ నవలా రచయిత గ్రాహం గ్రీన్ వేరే ఆయన, పేరు కలిసిందంతే. ఈయన ఒనైడా తెగ మనిషి. కెనడాలో ఆంటారియో రాష్ట్రంలోని సిక్స్ నేషన్స్ రిజర్వ్‌లో (రిజర్వ్ అంటే మూలవాసి తెగలకి మిగిలిన భూమి), ఒహ్‌స్వీకెన్ అనే ఊళ్ళో 1952లో పుట్టారు. 1979లో ఒక టీవీ సిరీస్ ఎపిసోడ్‌తో మొదలుపెట్టి చివరి ఏళ్ళ దాకా పని చేస్తూనే ఉన్నారు, సినిమాలూ టీవీ కలిపితే వందకి పైగా వేషాలు. వాటిలో కథంతా ఆయన చుట్టూ తిరిగేవి చాలా తక్కువ. మిగతావన్నీ క్యారెక్టర్ ఆర్టిస్ట్ వేషాలే: హీరో పక్కన పోలీసు, హీరోకి దారి చెప్పే పెద్దాయన, రెండు సీన్లలో కనిపించి వెళ్ళిపోయే మనిషి. మూలవాసి నటుడికి హాలీవుడ్ ఎప్పుడో కొలతలు తీసి కుట్టిపెట్టిన చొక్కా ఒకటుంది, ఎవరొచ్చినా అదే తొడుగుతుంది. గ్రీన్ దాన్ని కాదనలేదు, తొడుక్కున్నారు. తొడుక్కుని అందులో ఒక ఫలానా మనిషిని, చిరాకుపడే, అసూయపడే, జోకులేసే మనిషిని నిలబెట్టారు. ఆయన కెరీర్‌ని శ్రద్ధగా చూడాల్సింది ఇందుకే.

ఆ కొలతలు ఎలాంటివో చెప్పడానికి ఆయన సొంత ఊరే చాలు. 'ద లోన్ రేంజర్' టీవీ సిరీస్‌లో 1949 నుంచి 1957 దాకా టోంటోగా నటించిన జే సిల్వర్‌హీల్స్ అదే సిక్స్ నేషన్స్ రిజర్వ్‌లో 1912లో పుట్టిన మోహాక్ తెగ మనిషి. ఆ రోజుల్లో వెస్టర్న్ సినిమాల్లో, అంటే కౌబాయ్ సినిమాల్లో, ముఖ్యమైన ఇండియన్ పాత్ర (అక్కడి మూలవాసుల్ని ఇండియన్లనే పిలిచేవాళ్ళు) ఉంటే తెల్ల నటుడికి గోధుమరంగు పూసి వేయించేవాళ్ళు, గుర్రాల గుంపులో వెనకాల తిరగడానికి మాత్రం అసలు మూలవాసుల్ని తెచ్చేవాళ్ళు. కాబట్టి టీవీలో ఒక మూలవాసి నటుడికి వారం వారం కనిపించే పాత్ర దొరకడమే గొప్ప. కానీ ఆ పాత్ర మాట్లాడేది సగం సగం ఊడిపోయిన ఇంగ్లిష్, చేసేది తెల్ల హీరోకి తోడుగా ఉండటం. సిల్వర్‌హీల్స్ తర్వాత 1960లలో లాస్ ఏంజెలెస్‌లో మూలవాసి నటుల కోసం ఒక శిక్షణ వర్క్‌షాప్ పెట్టారు, అంటే ఆ ఇరుకు ఆయనకీ బాగా తెలుసన్నమాట. 'లిటిల్ బిగ్ మ్యాన్' (1970)తో చీఫ్ డాన్ జార్జ్‌కి ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ పాత్రలో చమత్కారం ఉంది, ముసలాయన తన మీద తాను నవ్వుకుంటాడు. దారి తెరుచుకుందనిపించింది కానీ తెరుచుకోలేదు. ఆ విభాగంలో మళ్ళీ ఒక మూలవాసి నటుడి పేరు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, ఆ పేరు గ్రీన్‌ది.

గ్రీన్ నేరుగా నటనలోకి వచ్చినవాడు కాదు. తండ్రి అంబులెన్స్ డ్రైవర్‌గా పని చేసేవారు. ఈయన వెల్డింగ్ చేశారు, వడ్రంగం చేశారు, ఎత్తైన కట్టడాల మీద ఉక్కు పని చేశారు, డ్రాఫ్ట్స్‌మన్‌గా పని చేశారు, రాక్ బ్యాండ్ల దగ్గర సౌండ్ చూసుకున్నారు. 1970లలో టొరంటోలో నాటకాల్లోకి వచ్చారు. అక్కడ ఆయనకి దొరికింది సినిమాలో దొరకనిది: మూలవాసులే మూలవాసుల గురించి రాసుకున్న నాటకాలు. టామ్సన్ హైవే అనే క్రీ తెగ రచయిత రాసిన 'డ్రై లిప్స్ ఆటా మూవ్ టు కపస్కేసింగ్' 1989లో టొరంటోలో ఆడినప్పుడు గ్రీన్ అందులో నటించారు, దానికి టొరంటో నాటకరంగంలో పెద్దగా లెక్కించే డోరా అవార్డు వచ్చింది. రిజర్వ్‌లో ఆడవాళ్ళు హాకీ టీమ్ పెట్టుకుంటే మగవాళ్ళు తల్లకిందులైపోయే కథ అది. ఇందులో పడీ పడీ నవ్వించే ఘట్టాల పక్కనే చూడలేనంత బాధ ఉంటుంది. ఆయన నటన ఎక్కడ తయారైందని అడిగితే ఈ నాటకాల దగ్గరే అని చెప్పాలి. మూలవాసుల మధ్య ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఎంత మామూలో, దుఃఖం మధ్యలో కూడా జోకు ఎలా పేలుతుందో ఆ రచయితలకి తెలుసు, ఆ నటులకి తెలుసు. తెలియంది సినిమా వాళ్ళకే.

సినిమా వాళ్ళు ఏం అడిగేవాళ్ళో గ్రీన్ తర్వాతి రోజుల్లో ఇంటర్వ్యూల్లో చెప్పారు. గంభీరంగా ఉండాలి, నవ్వకూడదు, మాటలు తగ్గించి మూలగాలి. ఇండియన్లు ఇలా మాట్లాడతారని రాసినవాళ్ళు అనుకున్న భాషలోనే డైలాగు చెప్పాలి. అలా బతికే మనిషి తనకి ఒక్కడు కూడా తెలియదని, అయినా లోపలికి అడుగు పెట్టడం కోసం కొన్నాళ్ళు ఒప్పుకున్నానని ఆయన దాచకుండా చెప్పారు. 1983లో ఆయన మొదటి సినిమా 'రన్నింగ్ బ్రేవ్' చూస్తే ఆ కాలం ఎలాంటిదో అర్థమవుతుంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచిన లకోటా తెగ అథ్లెట్ బిల్లీ మిల్స్ జీవితకథ అది. మిల్స్‌గా నటించింది రాబీ బెన్సన్ అనే తెల్ల నటుడు. గ్రీన్‌కి దక్కింది పక్క పాత్ర.

1990లో 'డాన్సెస్ విత్ వూల్వ్స్' వచ్చింది. కెవిన్ కాస్ట్నర్ హీరో, దర్శకుడు కూడా. గ్రీన్ అందులో కికింగ్ బర్డ్ అనే లకోటా పెద్దమనిషి. ఒనైడా భాషకీ లకోటాకీ చుట్టరికం లేదు, రెండూ వేర్వేరు భాషా కుటుంబాలు, కాబట్టి గ్రీన్‌కి ఆ డైలాగులు పూర్తిగా పరాయి భాషే. డోరిస్ లీడర్ ఛార్జ్ అనే లకోటా టీచర్ డైలాగుల్ని అనువదించి నటులందరికీ నేర్పించారు, సినిమాలో ఒక చిన్న వేషం కూడా వేశారు. మగవాళ్ళు మాట్లాడే తీరు, ఆడవాళ్ళు మాట్లాడే తీరు లకోటాలో వేరుగా ఉంటాయి, ఆ తేడా సినిమాలో పోయిందని మూలవాసి ఉద్యమ నాయకుడు రసెల్ మీన్స్ ఎత్తిపొడిచారు, ఆ విమర్శ న్యాయమైనదే. తెల్లవాడే మళ్ళీ కథకి కేంద్రం అన్న విమర్శా న్యాయమైనదే. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా కికింగ్ బర్డ్ మిగులుతాడు.

కాస్ట్నర్ వేసిన తెల్ల సైనికుడు వేళ్ళతో కొమ్ములు పెట్టుకుని అడవిదున్నలా నేల మీద పాకుతున్నప్పుడు పక్కనున్న యోధుడు వీడికి మతిపోయింది అంటాడు. కికింగ్ బర్డ్ మాత్రం చూస్తూ ఉంటాడు. ఆ ముఖంలో అనుమానం, కుతూహలం, తర్వాత ఒక్కసారిగా తట్టిన వెలుగు, అన్నీ వరసగా కనిపిస్తాయి, అప్పుడు తతంక అంటాడు, లకోటాలో అడవిదున్న అని. అప్పటిదాకా వెస్టర్న్ సినిమాల్లో అవతలివాణ్ణి అర్థం చేసుకునే పని ఎప్పుడూ తెల్ల హీరోదే, ఇండియన్ అంటే అర్థం కావాల్సిన వస్తువు. ఇక్కడ ఆలోచిస్తున్నదీ, కొత్త మనిషిని చదువుతున్నదీ కికింగ్ బర్డే. ఇంట్లో అతనికీ భార్యకీ మధ్య నడిచే చిన్న సీన్లు ఇంకా బాగుంటాయి. ఊరంతా సలహా కోసం వచ్చే ఆ పెద్దమనిషికి కళ్ళముందున్న విషయం తట్టదు, భార్య నెమ్మదిగా అందించాలి, అప్పుడాయన ముఖం కాస్త చిన్నబోతుంది. ఆ చిన్నబోవడం కోట్లమంది ప్రేక్షకులకి అర్థమైంది, సబ్‌టైటిల్ అక్కర్లేదు.

సినిమాకి 12 నామినేషన్లు, 7 ఆస్కార్‌లు వచ్చాయి. సహాయనటుడి విభాగంలో గ్రీన్ కూడా నామినేట్ అయ్యారు, ఆ అవార్డు 'గుడ్‌ఫెలాస్'కి జో పెషీ తీసుకెళ్ళారు. నామినేషన్ వచ్చినా గ్రీన్‌కి పెద్ద స్టూడియో సినిమాలో హీరో పాత్ర రాలేదు. తెల్ల నటుడికి అలాంటి నామినేషన్ వస్తే మరుసటి ఏడాది నాలుగు పెద్ద కథలు వచ్చి తలుపు తట్టేవి, ఈయనకి వచ్చినవాటిలో ఎక్కువ భాగం మళ్ళీ పక్క పాత్రలే. ప్రధాన పాత్ర దొరికింది కెనడా చిన్న సినిమాల్లోనూ టీవీ సినిమాల్లోనూ: 1991లో 'క్లియర్‌కట్', 1992లో యాహి తెగలో చివరివాడైన ఇషీ కథతో హెచ్‌బీవో టీవీ ఛానల్ తీసిన 'ద లాస్ట్ ఆఫ్ హిజ్ ట్రైబ్'. 'క్లియర్‌కట్' గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది ఇప్పటికీ తక్కువమంది చూసిన సినిమా. అడవి నరికే కంపెనీ మీద కేసు ఓడిపోయిన లాయర్ ఎదుట ఆర్థర్ అనే మనిషి ప్రత్యక్షమై, ఆ మిల్లు మేనేజర్‌ని ఎత్తుకుపోయి హింసిస్తాడు. గ్రీన్ ఇక్కడ కూడా నవ్వుతాడు, కానీ ఆ నవ్వు చూస్తే వెన్నులో చలి పుడుతుంది. మంచి ఇండియన్ని చూసి చప్పట్లు కొట్టిన ప్రేక్షకుల ముందు, ఏడాది తిరక్కుండానే, కోపం దాచుకోని ఇండియన్ని పెట్టడానికి ధైర్యం కావాలి.

1992లోనే వచ్చిన 'థండర్‌హార్ట్' ఆయన పక్క పాత్రలన్నిటిలో పైన నిలుస్తుంది. మైకేల్ ఆప్టెడ్ దర్శకుడు. 1970లలో సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్‌లో మూలవాసి ఉద్యమకారులకీ ప్రభుత్వానికీ మధ్య జరిగిన గొడవల ఆధారంగా అల్లిన కథ. ఎఫ్‌బీఐ ఏజెంటుగా వచ్చిన వాల్ కిల్మర్ పాత్రకి కొంత మూలవాసి రక్తం ఉంటుంది, అది చెప్పుకోవడానికి ఇష్టపడడు. గ్రీన్ అక్కడి తెగ పోలీసు వాల్టర్ క్రో హార్స్. కారు ఆపి, ఇంత స్పీడులో వచ్చావని కచ్చితంగా చెప్తాడు. రాడార్ ఉందా అని అడిగితే గాలి చెప్పిందంటాడు. పట్నం నుంచి వచ్చినవాడు ఇండియన్ దగ్గర ఏ గాలి కబుర్లు వినాలనుకుంటాడో క్రో హార్స్‌కి తెలుసు, అదే ఇచ్చి ఆడుకుంటున్నాడు. గ్రీన్ ఆ డైలాగుని నవ్వకుండా చెప్తారు, కంటి చివర మాత్రం చిన్న మెరుపు ఉంటుంది. తెల్ల దర్శకులు అడిగిన గాంభీర్యం అక్షరాలా అదే ముఖంలో ఉంది, జోకూ అందులోనే ఉంది.

ఆ ఏజెంటుకి పూర్వీకుల దర్శనం కలిగినప్పుడు సీన్ ఇంకా బాగా వస్తుంది. వెస్టర్న్ సినిమాల లెక్క ప్రకారం పక్కనున్న ఇండియన్ ఇక్కడ కళ్ళు మూసుకుని ఏదో పవిత్ర సత్యం చెప్పాలి. క్రో హార్స్‌కి మాత్రం ఒళ్ళు మండుతుంది. పుట్టినప్పటినుంచి ఇక్కడే ఉన్నాను, నాకు ఒక్క దర్శనం రాలేదు, నిన్నగాక మొన్న వచ్చిన నీకెలా వచ్చిందని అసూయపడతాడు. ఆ అసూయ వల్ల ఆ నమ్మకం ఒకేసారి నిజమూ మామూలూ అయిపోతుంది. దాన్ని నమ్మే మనిషి దానికోసం నిజంగా ఎదురుచూస్తాడు, రాకపోతే ఉడుక్కుంటాడు.

1994లో 'మావెరిక్'లో ఇదే పనిని బాహాటంగా చేశారు. మెల్ గిబ్సన్ స్నేహితుడు జోసెఫ్‌గా, డబ్బులిచ్చే ఒక రష్యన్ దొరకి కావాల్సిన భయంకరమైన ఇండియన్‌లా వేషం కడతాడు, దొర అవతలికి వెళ్ళగానే తాపీగా మామూలు ఇంగ్లిష్‌లో విసుక్కుంటాడు. నటులు పదిహేనేళ్ళుగా తెర వెనక చెప్పుకుంటున్న సంగతిని అలా తెర మీదే పెట్టారు.

తెగ ప్రస్తావనే లేని పాత్రలు ఇంకో వరస, ఆయన కెరీర్‌ని అర్థం చేసుకోవడానికి ఇవి చాలా ముఖ్యం. 1995లో 'డై హార్డ్ విత్ ఎ వెంజెన్స్'లో జో లాంబర్ట్ అనే న్యూయార్క్ డిటెక్టివ్. మూలవాసి అన్న ఊసే లేదు, బ్రూస్ విల్లిస్ పక్కన ఉద్యోగం చేసుకునే పోలీసు అంతే. కెనడా కామెడీ 'ద రెడ్ గ్రీన్ షో'లో పేలుడు పదార్థాలంటే పిచ్చి ఉన్న ఎడ్గర్ మాంట్రోజ్. 'డిఫయన్స్' సిరీస్‌లో గనుల యజమాని. 2017లో 'మాలీస్ గేమ్'లో జడ్జి. 2007లో స్ట్రాట్‌ఫర్డ్ ఫెస్టివల్‌లో 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో షైలాక్, అదే ఏడాది అక్కడే 'ఆఫ్ మైస్ అండ్ మెన్'లో లెన్నీ. తెలుగులో ఒక మంచి క్యారెక్టర్ ఆర్టిస్ట్‌కి ఇలా పోలీసు, జడ్జి, ధనవంతుడు, పిచ్చోడు అన్నీ రావడం మామూలు విషయం, అందులో వార్త ఏముంది అనిపించవచ్చు. మూలవాసి నటుడికి అది మామూలు కాదు. తెల్ల నటుడికి పుట్టుకతో వచ్చే ఈ స్వేచ్ఛని ఆయన ఒక్కో పాత్రతో సంపాదించుకోవాల్సి వచ్చింది, పైగా ఆ ఒక్కో పాత్ర మధ్యలో మళ్ళీ పాత మూసకి వెళ్ళి రావాల్సి వచ్చింది.

ఆ మూస చివరిదాకా పోలేదు. వయసు పైబడ్డాక వచ్చిన వేషాల్లో రెండు రకాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి: తెగ పోలీసు, తెగ పెద్ద. 2017లో టేలర్ షెరిడన్ తీసిన 'విండ్ రివర్' మంచి సినిమా, వయోమింగ్‌లోని రిజర్వేషన్‌లో ఒక మూలవాసి అమ్మాయి చావు గురించి. రిజర్వేషన్ అంటే ఇక్కడ కోటా అనుకోకూడదు, తెగకి మిగిలిన భూమి. గ్రీన్ అక్కడి పోలీస్ చీఫ్ బెన్. ఇంత పెద్ద ప్రాంతానికి తమ దగ్గర ఎంత తక్కువమంది ఉన్నారో అలవాటైపోయిన అలసటతో చెప్తాడు. సాయం వచ్చేదాకా ఆగే అలవాటే ఇక్కడ లేదని బయటినుంచి వచ్చిన ఏజెంటుకి తేల్చేస్తాడు. ఆ స్వరం విన్నాక, ఆ చీఫ్ కోణంలోంచి కథ చెప్పి ఉంటే ఎలా ఉండేదో అనిపించక మానదు. కానీ కేసు నడిపేది జెరెమీ రెన్నర్, ఎలిజబెత్ ఓల్సన్ పాత్రలు. 'థండర్‌హార్ట్' వచ్చిన పాతికేళ్ళకి కూడా గ్రీన్ హీరో పక్కనే నిలబడి ఉన్నారు.

తేడా వచ్చింది రాసేవాళ్ళు, తీసేవాళ్ళు మారినప్పుడు. 2002లో షయెన్, అరాపహో తెగల మూలాలున్న క్రిస్ ఐర్ దర్శకత్వంలో వచ్చిన 'స్కిన్స్' దీనికి పెద్ద ఉదాహరణ. పైన్ రిడ్జ్‌లోనే తీశారు, విడుదలప్పుడు ట్రక్కులో సినిమా హాలు అమర్చుకుని రిజర్వేషన్లు తిరిగి చూపించారు. గ్రీన్ అందులో మోగీ, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి తాగుడికి పడిపోయిన అన్న. ఎరిక్ ష్వీగ్ పోలీసు తమ్ముడు. తాగుబోతు ఇండియన్ అనేది హాలీవుడ్ వాడిన మూసల్లోకెల్లా నీచమైనది, అందుకే ఆ వేషం ఒప్పుకోవడమే పెద్ద సాహసం. మోగీ పళ్ళూడిన నోటితో జోకులేస్తూనే ఉంటాడు, కొడుకు ముందు సిగ్గుపడతాడు, తమ్ముణ్ణి ఏడిపిస్తాడు, తమ్ముడిలో ఏదో తేడా ఉందని అందరికన్నా ముందు కనిపెట్టేదీ అతనే. తాగుడు ఉంది, దాని వెనక యుద్ధం ఉంది, ఇంట్లో తండ్రి చేతి దెబ్బలున్నాయి, చుట్టూ పేదరికం ఉంది, వీటన్నిటి మధ్య బుర్ర మాత్రం చురుగ్గా ఉంది. ఆయన చేసిన అత్యుత్తమ పని ఇదేనని చెప్పొచ్చు, 'డాన్సెస్ విత్ వూల్వ్స్'ని కూడా లెక్కలోకి తీసుకునే.

ఇరవై ఏళ్ళ తర్వాత 'రిజర్వేషన్ డాగ్స్' (2021–23) వచ్చింది. స్టెర్లిన్ హార్జో, టైకా వైటీటీ కలిసి సృష్టించిన సిరీస్, ఓక్లహోమాలో తీశారు, రచయితలూ దర్శకులూ మూలవాసులే. మూడో సీజన్‌లో గ్రీన్ మాక్సిమస్‌గా వస్తారు. నక్షత్రాల నుంచి వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఊరికి దూరంగా ఒంటరిగా బతికే ముసలాయన. ఎవరీ పిచ్చాయన అనుకుంటూ మొదలయ్యే పాత్ర వెనక, కుర్రతనంలో స్నేహితుల నుంచి తెగిపోయిన కథ తర్వాత తెలుస్తుంది. పిల్లలు ఆయన్ని మళ్ళీ తన మనుషుల దగ్గరికి చేర్చే దాకా అది నడుస్తుంది. జ్ఞానం చెప్పే తెగ పెద్ద అనే పాత మూస ఇక్కడ తిరగబడింది, పెద్దాయనకే పిల్లల సాయం కావాలి. గ్రీన్ నలభై ఏళ్ళుగా డైలాగుల సందుల్లో దూర్చుకుంటూ వచ్చిన హాస్యం ఈ సిరీస్‌లో పేజీ మీదే రాసి ఉంది. ఆయన దాన్ని కష్టపడి తేవాల్సిన పని లేదు, అందుకే అంత తేలిగ్గా కనిపిస్తారు.

2023లోనే 'ద లాస్ట్ ఆఫ్ అస్' మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లో మార్లన్ అనే ముసలి వేటగాడు. భార్యగా ఎలైన్ మైల్స్, వాళ్ళిద్దరూ 1990లలో 'నార్తర్న్ ఎక్స్‌పోజర్' సిరీస్‌లో కనిపించినవాళ్ళే. మంచులో ఒంటరి ఇల్లు, తుపాకీ పట్టుకుని దారి అడిగే హీరో, ఆ ముసలి దంపతులకి మాత్రం ఏమాత్రం టెన్షన్ లేదు. భార్య నువ్వు చెప్పింది నిజమేనా అన్నట్టు భర్తని చూస్తుంది, భర్త విసుక్కుంటాడు, వచ్చినవాణ్ణి పక్కన పెట్టి వాళ్ళిద్దరూ సణుక్కుంటారు. పడమటికి వెళ్ళడానికి మంచి దారేదని అడిగితే తూర్పుకి పొమ్మంటాడు. లోకం అంతమైపోయిన కథలో నవ్వొచ్చే సీన్ అదొక్కటే అయ్యుండొచ్చు, ఆ తర్వాత చాలామంది కుర్రాళ్ళు ఈయనెవరని వెతికారు.

కెనడా ప్రభుత్వం ఆయన్ని ఆర్డర్ ఆఫ్ కెనడాతో గౌరవించింది. చనిపోయిన ఏడాదే, 2025లో, జీవితకాల కృషికి గవర్నర్ జనరల్స్ పెర్‌ఫార్మింగ్ ఆర్ట్స్ అవార్డు ఇచ్చింది. ఆస్కార్ మాత్రం ఆ ఒక్క నామినేషన్‌తోనే ఆగింది.

ఇప్పుడు ఆయన్ని చూడటం మొదలుపెట్టేవాళ్ళు 'డాన్సెస్ విత్ వూల్వ్స్'తో కాకుండా 'థండర్‌హార్ట్'తో మొదలుపెడితే మంచిది, గాలి చెప్పిందన్న ఆ డైలాగు విన్నాక కికింగ్ బర్డ్ ముఖంలో దాగిన చమత్కారం కూడా పట్టుబడుతుంది. ఆ తర్వాత 'స్కిన్స్'. రెండు గంటల తీరిక కూడా లేనివాళ్ళు 'ద లాస్ట్ ఆఫ్ అస్' ఆరో ఎపిసోడ్ మొదటి కొన్ని నిమిషాలు చూసినా సరిపోతుంది.